బండి హ్యాండిల్ వణుకుతోందా?

(రాత్రి బడిలో ఒక టీచరు చెప్పిన మాటలు)

 

ఈ రోజు పలకలు పక్కన పెట్టండి. ఈ రోజు మన పాఠం బండి గురించి. మనం టి.వి.ఎస్. బండి అంటాం కదా, ఆ చిన్న బండి గురించే.

మన అనంతపురం కరువు నేల. ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. శెనక్కాయ పంట ఒక ఏడు చేతికొస్తే మరో ఏడు ఎండిపోతుంది. అందుకే పాలు అమ్ముకోవాలి. కూరగాయలు అమ్ముకోవాలి. పక్క ఊరికి కూలికి పోవాలి. బస్సు అన్ని ఊళ్ళకూ రాదు. 1980లో హోసూరు ఫ్యాక్టరీ నుంచి ఇద్దరు కూర్చునే టి.వి.ఎస్. 50 బండి వచ్చింది. దాని తర్వాత వచ్చిన బండ్లు ఇప్పటికీ మన పల్లెల్లో పాలక్యాన్లు, గడ్డిమోపులు, మూటలు మోస్తున్నాయి. ఈ బండే మనకు కాళ్ళు. మరి ఆ కాళ్ళు వణికితే?

నా సంగతి చెప్తాను వినండి.

నేను బడికి పాత బండి మీద వస్తాను. ఒక రోజు కంప ముల్లు గుచ్చుకుంది. పంక్చర్ వేయించాను. మర్నాటి నుంచి బండి వేగం 30 దాటితే చాలు, హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకునేది. ఒక రోజు మా పిన్ని కూతుర్ని వెనక కూర్చోబెట్టుకుని వస్తున్నా. దిగుడులో హ్యాండిల్ గట్టిగా ఊగింది. ఇద్దరం కంపలో పడబోయాం.

భయమేసి టౌనులో మెకానిక్ షెడ్డుకు పోయాను. "కోన్‌సెట్టు పోయింది మేడం, మార్చాలి" అన్నారు. మార్చారు. 900 రూపాయలు అయింది. తిరిగి వచ్చేటప్పుడు కూడా హ్యాండిల్ అలాగే వణికింది!

ఆ రాత్రి ఇక్కడ, మన బడిలోనే, ఒక అక్క నన్ను అడిగింది: "ఏం టీచరమ్మా, మొగం అట్లుంది?" చెప్పాను. ఆ అక్క వాళ్ళ నాయన సైకిల్ షాపులో పెరిగిన మనిషి. ఆమె ఒకే ప్రశ్న వేసింది.

"ఎప్పటి నుంచి వణుకుతా ఉంది?"

"పంక్చర్ వేయించినప్పటి నుంచి అక్కా."

"అయితే ముందు టైరు చూడాల కదమ్మా!"

చూడండి, ఎంత మంచి ప్రశ్నో! నేను ట్రైనింగు చదివాను. కానీ ఆ ప్రశ్న నాకు తట్టలేదు. అందుకే మొదటి మాట ఇది. వణుకు ఎప్పుడు మొదలైంది? దానికి ముందు బండికి ఏం జరిగింది? గుంతలో పడిందా? పంక్చర్ వేయించారా? ముందు ఇది గుర్తు చేసుకోండి.

రెండో మాట. డబ్బు ఖర్చు కానివి ముందు చూడాలి. ఖర్చయ్యేవి చివర చూడాలి. ఎలాగో వరసగా చెప్తాను. చూసే ముందు ఇంజను ఆపండి. కొంగు నడుముకు దోపుకోండి. చున్నీ అయితే ముడి వేసుకోండి. తిరిగే చక్రంలో వేళ్ళు పెట్టకండి.

ఒకటి, గాలి. పొద్దున్నే, బండి నడపక ముందే చూడాలి. ముందు చక్రానికి ఎంత, వెనక చక్రానికి ఎంత అనేది బండితో ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. రెండూ ఒకటి కావు. ఇప్పుడు మీకు అంకెలు వచ్చు. ఆ అంకె చదవండి. గాలి కొట్టే అబ్బాయికి ఆ అంకె చెప్పండి.

రెండు, టైరు. స్టాండు వేయండి. ఒకరు వెనక క్యారియర్ మీద బరువు వేసి నొక్కాలి. ముందు చక్రం పైకి లేస్తుంది. దాన్ని మెల్లగా తిప్పండి. రిమ్ముకు దగ్గరగా టైరు మీద చుట్టూ ఒక సన్నని గీత ఉంటుంది. ఆ గీత, రిమ్ము మధ్య ఎడం అంతటా ఒకేలా ఉండాలి. ఒక చోట గీత లోపలికి పోయిందంటే టైరు అక్కడ సరిగా కూర్చోలేదు. నా బండికి జరిగింది ఇదే! అక్క గాలి తీసింది. సబ్బునీళ్ళు రాసింది. టైరును చేత్తో చుట్టూ సర్దింది. మళ్ళీ గాలి కొట్టించాం. వణుకు పోయింది. ఖర్చు గాలికి అయిందే.

మూడు, పుల్లలు. అదే, స్పోకులు. ఒక కందిపుల్లను ఫోర్కుకు ఆనించి రిమ్ము పక్కన పట్టుకోండి. చక్రం తిప్పండి. రిమ్ము ఒక చోట పుల్లకు తగులుతూ, ఒక చోట దూరం పోతోందా? అయితే చక్రం బెండు వచ్చింది. చెంచాతో స్పోకులను ఒక్కొక్కటే తట్టండి. బిగువుగా ఉంటే 'టింగ్' అంటుంది. వదులైతే 'డప్' అంటుంది. వాటిని మనం ఇష్టం వచ్చినట్టు బిగించకూడదు. బెండు ఇంకా ఎక్కువవుతుంది. తెలిసిన మనిషితో బెండు తీయించాలి. అల్లాయ్ చక్రమైతే స్పోకులుండవు. రిమ్ము సొట్టపడిందేమో చూడాలి.

నాలుగు, ఇరుసు. చక్రాన్ని పట్టుకుని పక్కలకు ఊపండి. కదిలితే ఇరుసు నట్టు వదులై ఉండవచ్చు, లేదా బేరింగు అరిగి ఉండవచ్చు. తిప్పితే గరగరమన్నా బేరింగే.

ఐదు, హ్యాండిల్. ఫోర్కు కింది భాగం పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగండి. 'టక్ టక్' మంటే కోన్‌సెట్టు వదులైంది. హ్యాండిల్ మెల్లగా తిప్పితే నడిమధ్య గుంతలో పడ్డట్టు పట్టేస్తోందా? అప్పుడు కోన్‌సెట్టు మార్చాలి. అంతవరకూ అక్కరలేదు.

ఇరుసు, కోన్‌సెట్టు పనులు మెకానిక్‌వే. అవి వదులుగా ఉన్న బండిని నడపకండి.

ఇంకొక గుర్తు. బ్రేకు పట్టినప్పుడు మాత్రమే వణికితే, ముందు బ్రేకు డ్రమ్ము చూపించండి. బండి నిలబడి ఉండగా ఇంజను ఆడుతున్నా వణికితే, తప్పు చక్రంలో లేదు. ఇంజను నట్లు చూపించండి.

బండిలో ఏ తప్పూ లేకపోయినా వణకవచ్చు. ఎందుకు? వెనక బరువు ఎక్కువైతే ముందు చక్రం తేలిపోతుంది. హ్యాండిల్ ఊగుతుంది. మూటలు క్యారియర్ చివర కట్టకండి. పాలక్యాన్లు రెండు పక్కలా సమంగా వేలాడదీయండి. హ్యాండిల్‌కు బరువు సంచులు తగిలించకండి.

దారిలో ఉన్నట్టుండి వణికితే ఏం చేయాలి? ముందు బ్రేకు గట్టిగా పట్టకండి. హ్యాండిల్ వదలకండి. యాక్సిలేటరు మెల్లగా తగ్గించండి. బండి నెమ్మదించాక పక్కకు ఆపండి. హెల్మెట్ మాత్రం ఎప్పుడూ పెట్టుకోండి.

మెకానిక్ దగ్గరికి పోతే "బాగు చేయండి" అని ఊరుకోవద్దు. "30 దాటితే వణుకుతోంది. పంక్చర్ తర్వాత మొదలైంది. గాలి సరిగానే ఉంది" అని చెప్పండి. ఆయనకూ పని సులువు. మార్చిన పాత సామాను అడిగి చూడండి. బిల్లు మీద రాసింది చదవండి. చదవకుండా డబ్బు ఇవ్వకండి. నేను ఆ రోజు చదువు వచ్చి కూడా అడగలేదు. మీరు అడగండి.

చివరగా ఒక మాట. తమిళనాడులో పుదుక్కోట్టై అనే జిల్లా ఉంది. 1990ల మొదట్లో అక్కడి అక్షరాస్యతా ఉద్యమంలో వేలమంది ఆడవాళ్ళు అక్షరాలతో పాటు సైకిల్ కూడా నేర్చుకున్నారు. కొందరు నవ్వారు. వాళ్ళు ఆగలేదు. నీళ్ళకూ, పనికీ, సంతకూ తామే పోయారు. అక్షరమూ చక్రమూ రెండూ మనిషిని ఇల్లు దాటిస్తాయి.

రేపు సాయంత్రం బండ్లున్నవాళ్ళు బండి తీసుకురండి. పుస్తకం ఉంటే అది కూడా తెండి. ఒక కందిపుల్ల, ఒక చెంచా చాలు. మన అక్క చూపిస్తుంది. నేను కూడా మీతో పాటు కూర్చుని నేర్చుకుంటాను.

సెలవు.