డిసెంబరు 25: రెండు మంటలు



డిసెంబరు 25 అనగానే క్రిస్మస్ గుర్తొస్తుంది. మన దేశ చరిత్రలో అదే తేదీన రెండు మంటలు రేగాయి. ఆ రెంటినీ స్త్రీల దృష్టితో కలిపి చూడాలంటాను.

మొదటిది 1927లో, మహారాష్ట్రలోని మహద్‌లో. చెరువు నీళ్ల హక్కు కోసం సాగిన పోరాటంలో భాగంగా, అంబేద్కర్ నాయకత్వాన మనుస్మృతిని తగలబెట్టారు. శూద్రులకూ, అంటరానివారికీ, స్త్రీలకూ కలిపి సంకెళ్లు వేసిన గ్రంథమది.

రెండోది 1968లో, తమిళనాడులోని అప్పటి తంజావూరు జిల్లా కీళ్‌వెణ్మణిలో. కూలి పెంచమని అడిగిన దళితుల వాడపై భూస్వాముల మూక దాడి చేసింది. ఒక గుడిసెలో తలదాచుకున్న 44 మందిని సజీవ దహనం చేసింది. వారిలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. కార్లున్న పెద్దమనుషులు స్వయంగా వెళ్లి గుడిసెలు తగలబెడతారంటే నమ్మలేమంటూ 1973లో మద్రాసు హైకోర్టు భూస్వాములను వదిలేసింది.

పుస్తకం కాలింది గానీ, దాని న్యాయం కూలిరేట్లలో, కోర్టు తీర్పుల్లో బతికే ఉంది. వెణ్మణి స్త్రీల చావును కొందరు వర్గం ఖాతాలో, కొందరు కులం ఖాతాలో రాశారు. స్త్రీలపై హింస గురించి రాసేటప్పుడు మనం వాళ్లను లెక్కలోకే తీసుకోలేదు. వాళ్లు కూలీలుగా, దళితులుగా, స్త్రీలుగా ఒక్కసారే కాలిపోయారు.

1990ల నుంచి మహారాష్ట్రలో దళిత స్త్రీల సంఘాలు డిసెంబరు 25ను భారతీయ స్త్రీ విముక్తి దినంగా జరుపుతున్నాయి. మార్చి 8తోపాటు మనమూ ఈ రోజును పాటిద్దాం. దండలు వేసి ఊరుకోవద్దు. మన ఊళ్లో ఆడకూలి ఎంత, మగకూలి ఎంత, అట్రాసిటీ కేసులు ఎక్కడ ఆగాయి? ఆ రోజు ఈ లెక్కలు తీద్దాం.