క్రైస్తవ ఓటరు, రెండు గళ్ళ పట్టిక

(పెనుకొండలో శతవార్షికోత్సవ సదస్సునందు చేసిన ప్రసంగ పాఠము)



ఉత్సవ కమిటీ వారు నాకు ఇచ్చిన అంశము "ఎన్నికలలో క్రైస్తవుని బాధ్యత". ఇటువంటి అంశము పాస్టరుకు ఇవ్వడము సులభము, దాని మీద మాట్లాడి పాస్టరు క్షేమముగా ఇల్లు చేరడము కష్టము. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము మూడు నియోజకవర్గములవారు ఈ పందిటిలో ఉన్నారు. పార్టీలు ఎన్నో నేను లెక్కపెట్టలేదు. అందుచేత నా మీద పడిన ఒక చిన్న పనిని గురించి చెప్పి, దానిలో నేను ఎట్లా తప్పిపోయానో ఒప్పుకొని కూర్చుంటాను.

2024 ఎన్నికలకు ముందు మా యౌవనస్థుల కూటములో ఒక తమ్ముడు ఫోనులో ఒక పట్టిక చూపించాడు. అమెరికాలో ఉన్న వాళ్ళ పెదనాన్న కొడుకు పంపినాడట. ఎడమ ప్రక్క అభ్యర్థుల పేర్లు, పైన ప్రశ్నలు. మొదటి గడి, ఈయన విశ్వాసియా? రెండవ గడి, గర్భస్రావమునకు వ్యతిరేకియా? "అయ్యగారూ, మన మూడు సీట్లకూ ఇట్లాంటిది ఒకటి మీరు వ్రాసిస్తే సంఘమంతా ఒకే మాట మీద ఉంటుంది గదా" అన్నాడు. ఆ పిల్లవాని ఆసక్తిని నేను చులకన చేయలేదు. ఆ రాత్రే తెల్ల కాగితము తీసుకొని గీతలు గీశాను.

మొదటి గడి దగ్గరనే పెన్ను ఆగిపోయింది. నామినేషనుతో బాటు అభ్యర్థి దాఖలు చేసే ఫారం 26 ప్రమాణ పత్రములో క్రిమినల్ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ఉంటాయి. విశ్వాసమునకు గడి లేదు, ఉండకూడదు కూడా. మరి మనమే పోయి అడుగుదామా? మన ప్రక్కనే ఉన్న మడకశిరను చూడండి. అది షెడ్యూల్డు కులములకు రిజర్వు చేసిన స్థానము. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము హిందువులకు, 1956 నుండి సిక్కులకు, 1990 నుండి బౌద్ధులకు మాత్రమే ఆ హోదా ఉన్నది. యేసు నామమున బాప్తిస్మము పొందితిని అని ఒక దళిత సహోదరుడు బహిరంగముగా ఒప్పుకొంటే అక్కడ పోటీ చేసే అర్హతయే పోతుంది. మన రాష్ట్రములో అటువంటి వారిని వెనుకబడిన తరగతులలో సి గ్రూపులో ఉంచారు. ఈ భేదము తీసివేయవలెనని 2023 మార్చిలో శాసనసభ తీర్మానము చేసి కేంద్రమునకు పంపింది. ఇక ఆలోచించండి, "నీవు విశ్వాసివా" అని అక్కడి అభ్యర్థిని మనము నిలదీస్తే అతనిని ఏమి చేయమంటున్నట్టు? అబద్ధమైనా ఆడాలి, సీటైనా వదులుకోవాలి. సంఘము ఒకనిని అబద్ధములోనికి నెట్టే ప్రశ్న అడుగవచ్చునా?

పైగా చట్టమొకటి ఉన్నది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టము 123వ సెక్షను ప్రకారము మతము పేర ఓటు అడగడము అవినీతి చర్య. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు అయి, అభ్యర్థి మతమే గాక ఓటరు మతము పేర అడిగినా అంతేనని తీర్పు చెప్పింది. ప్రార్థనా స్థలములను పార్టీల పనికి వాడరాదని 1988లో వేరే చట్టము వచ్చింది. కాబట్టి పలానా గుర్తుకు ఓటు వేయండని ప్రసంగ వేదిక మీదనుండి నేను చెప్పను. చెప్పే పాస్టర్లు ఉన్నారని మీకూ తెలుసు, నాకూ తెలుసు. పాస్టర్లకు నెలకు 5000 రూపాయల గౌరవ వేతనము అన్న మాట వచ్చిన తరువాత మా నోటికి మరింత కాపలా కావలసి వచ్చింది. ఈ మాట మా వాళ్ళకు నచ్చకపోవచ్చు.

న్యాయాధిపతుల గ్రంథములో యోతాము చెప్పిన కథ మీకు తెలుసు. చెట్లు రాజు కావాలని బయలుదేరినవి. ఒలీవ, అంజూరము, ద్రాక్ష తమ తమ ఫలములను విడిచి రామన్నవి. ముండ్లపొద మాత్రము వెంటనే ఒప్పుకొన్నది. ఆ కథ యోతాము ఎవరికి చెప్పాడు? షెకెము వారికి. అబీమెలెకు మన రక్తసంబంధి గదా అనే ఒక్క కారణముతో అతనిని రాజుగా చేసుకొన్న వారికి. మొదటి గడి మీద నేను అడ్డగీత గీశాను.

రెండవ గడికి వచ్చాను. ఇది నింపడము సులభమనుకొన్నాను. నా మట్టుకు గర్భములోని శిశువు దేవుని చేతిపని. ఐగుప్తులో మగబిడ్డలను చంపమని రాజాజ్ఞ వచ్చినప్పుడు షిఫ్రా, పూయా అనే మంత్రసానులు రాజుకు గాక దేవునికి భయపడిన సంగతి నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. అయితే మన అభ్యర్థులలో ఈ సంగతి మాట్లాడిన వారెవరు? 2024 మే 13న మన రాష్ట్రములో ఓటింగు జరిగేలోపల నేను విన్న సభలలో ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. నీళ్ళు, పింఛన్లు, చేనేత, ఉద్యోగములు, అంతే.

అమెరికా కథ వేరు. అక్కడ కూడా ఆదినుండి ఇట్లా లేదు. 1971లో అక్కడి దక్షిణ బాప్తిస్టుల మహాసభ, కొన్ని పరిస్థితులలో గర్భస్రావమునకు చట్టము అనుమతి ఇవ్వవచ్చునని తీర్మానించింది. 1973లో అక్కడి సుప్రీంకోర్టు దానిని హక్కు చేసింది, 2022లో అదే కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ఈ మధ్య కాలములో అది పార్టీలను విడదీసే గోడ అయినది.

మన దేశములో 1860 నాటి శిక్షాస్మృతి 312వ సెక్షను గర్భము తీయించుకొన్న తల్లిని కూడా నేరస్థురాలిని చేసింది. దొంగచాటు వైద్యము పాలై తల్లులు చనిపోవుచుండగా 1964లో శాంతిలాల్ షా కమిటీ వేశారు. చట్టము రూపు దిద్దుకొనే కాలములో కేంద్ర ఆరోగ్య మంత్రి మన రాజమండ్రిలో పుట్టిన శ్రీపతి చంద్రశేఖర్ గారు. 1971లో చట్టము పాసై, 1972 ఏప్రిల్ 1 నుండి అమలైనది. 2021లో సవరించి, 20 వారముల వరకు ఒక డాక్టరు, కొన్ని పరిస్థితులలో 24 వారముల వరకు ఇద్దరు డాక్టర్లు అభిప్రాయము ఇస్తే చేయవచ్చునన్నారు. నేనెరిగినంతలో దీనిని రద్దు చేస్తామని ఇక్కడ ఓటు అడిగిన పెద్ద పార్టీ లేదు. కాబట్టి ఆ గడిలో మూడు సీట్లకూ సున్నాలే. కాగితము మడిచి బైబిలులో పెట్టాను.

ఆ మడతలో నాకు ఒక ముఖము జ్ఞాపకము వచ్చింది. కొన్ని ఏండ్ల క్రిందట నేను మగ్గముల ఊరిలో పరిచర్యలో ఉన్నప్పుడు గర్భస్రావమును గురించి గట్టిగా ప్రసంగించాను. మంచి ప్రసంగమని పెద్దలు చేయి కలిపారు. ఆ మరుసటి నెల నుండి ఒక ఇంటి కోడలు ప్రభువు బల్లకు రావడము మానివేసింది. నేను గమనించలేదు, మా ఇంటి అమ్మగారు గమనించింది. ఆమే పోయి కూర్చొని విన్నది. ఇద్దరు ఆడపిల్లల తరువాత మూడవ గర్భము. సరిహద్దు అవతల ఒక ఊరికి తోడుకొని పోయి స్కానింగు చేయించారు. తిరిగి వచ్చేటప్పటికి గర్భము లేదు. తరువాత నేను పోయినప్పుడు ఆ అమ్మాయి తల ఎత్తకుండా ఒక్క మాట అన్నది: "ఆ దినము మీరు నన్నే అన్నారు గదయ్యా. నన్ను తోడుకొని పోయినోళ్ళు ముందు వరసలోనే ఉండ్రి."

నిజమే. అత్తగారు స్త్రీల సహవాసములో ముఖ్యురాలు. నా ప్రసంగమునకు తల ఆడించిన వారిలో మొదటిది ఆమెయే. పాపము అని నేను ఎవరిని చూసి అన్నాను? ఆ ఇంటిలో అన్నిటికంటె తక్కువ మాట చెల్లే మనిషిని చూసి. వేదాంత కళాశాలలో నీతిశాస్త్రములో నాకు మంచి మార్కులు వచ్చినవి. ఈ పాఠము అందులో లేదు.

కడుపులోని బిడ్డ ఆడో మగో చెప్పడము 1994 చట్టము ప్రకారము నేరము. చెప్పిన డాక్టరుకు మొదటిసారి మూడు సంవత్సరముల వరకు జైలు. అయినా దేశములో ఆరేండ్ల లోపు పిల్లలలో వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001లో 927 ఉండగా 2011కు 920 లోపునకు దిగజారారు. చట్టము పుస్తకములో ఉండి, తనిఖీ లేకపోతే ఇట్లాగే ఉంటుంది. తనిఖీ చేయించేది ఎవరు? ప్రభుత్వము. ప్రభుత్వమును నిలిపేది ఎవరు? ఇక్కడ కూర్చున్న మనము.

అప్పుడు నాకు తోచింది, రెండవ గడిని కొట్టివేయడము కాదు, ప్రశ్నను మార్చుకోవాలి అని. గర్భమును గూర్చి అభ్యర్థి ఏమంటాడు అని గాక, ఆడబిడ్డ పుట్టుటకు భయపడే ఇంటి మీద ఇతని పని ఎట్లా పడుతుంది అని. అట్లా చూస్తే మన చరిత్రలో ఎన్నో సంగతులు కనబడతాయి. 1985లో హిందూపురము గెలిపించి పంపిన ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వము 1986లో హిందూ కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో సమాన భాగము ఇచ్చే చట్టము తెచ్చింది. అందులో గర్భస్రావము అన్న మాటే లేదు. కాని ఆడబిడ్డ అంటే ఖర్చు అనే లెక్కను అది తాకింది. మనకైతే 1925 వారసత్వ చట్టములోనే, వీలునామా లేనప్పుడు, కొడుకుకూ కూతురికీ సమాన భాగమున్నది. అయినా మన ఇండ్లలో పెండ్లయిన అక్కచెల్లెండ్ల చేత సంతకము పెట్టించుకోవడము లేదా? పెట్టించుకొన్నవారు ఈ పందిటిలోనే ఉన్నారు. నేను పేర్లు చెప్పను.

ఇంకొకటి. ఇద్దరికి మించి పిల్లలున్నవారు సర్పంచి మొదలైన స్థానిక పదవులకు అనర్హులని 1994 పంచాయతీరాజ్ చట్టము చెప్పింది. పదవి కోసము మూడవ గర్భమును తీయించుకొన్న ఇండ్లు ఉన్నాయని పరిశోధించినవారు వ్రాశారు. మన శాసనసభ ఆ నిబంధనను 2024 నవంబరులో తీసివేసింది. ఇన్ని ఏండ్లలో దానిని గురించి మన సంఘములు ఏ అభ్యర్థికైనా ఒక వినతిపత్రము ఇచ్చినవా? నేను ఇవ్వలేదు.

2024లో గెలిచినవారిలో ధర్మవరము నుండి వెళ్ళిన సత్యకుమార్ యాదవ్ గారికి ఆరోగ్య శాఖ, పెనుకొండ నుండి వెళ్ళిన సవిత గారికి బి.సి. సంక్షేమము, చేనేత శాఖలు వచ్చినవి. ఒకరి పార్టీ మీకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. కాన్పు ఆసుపత్రి, స్కానింగు తనిఖీ, మగ్గము కూలి, మన సి గ్రూపు సంగతులు, అన్నీ ఈ శాఖల బల్లల మీదికే పోతాయి. అడగడము తెలిసినవారికి ఇంత దగ్గర దారి ఎప్పుడో గాని దొరకదు.

ఆ ఎన్నికల ప్రచారములో ఒక ఆదివారము ఒక అభ్యర్థి అనుచరులతో ఆరాధనకు వచ్చాడు. పార్టీ చెప్పను, ఊరు చెప్పను. అందరి కొరకు చేసినట్లే అతని కొరకు కూడా ప్రార్థన చేశాను, మైకు మాత్రము ఇవ్వలేదు. ఆరాధన అయిన తరువాత వరండాలో నిలబెట్టి అడిగాను: "మీరు గెలిస్తే మన సర్కారు ఆసుపత్రిలో రాత్రిపూట కాన్పుకు లేడీ డాక్టరు ఉండేటట్లు చూస్తారా? స్కానింగు సెంటర్ల రిజిస్టర్లు తనిఖీ చేయించమని అధికారులతో మాట్లాడతారా?" ఆయన కొంచెము సేపు నా వంక చూశాడు. "పాస్టరుగారూ, సమాధుల స్థలము, ప్రహరీ గోడ అడుగుతారని లెక్క వేసుకొని వచ్చాను. ఈ ప్రశ్న నన్ను ఏ చర్చిలోనూ అడగలేదు" అని, ప్రక్కనున్న మనిషిని పిలిచి చిన్న పుస్తకములో వ్రాయించుకొన్నాడు.

కార్లు వెళ్ళిపోయిన తరువాత మా సంఘ పెద్ద ఒకాయన దగ్గరకు వచ్చి, "అంతా బాగుంది గాని అయ్యగారూ, ఆ గోడ సంగతి కూడా ఒక మాట వేసి ఉండవలసింది" అన్నాడు.