అద్దం మీద స్టిక్కర్

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి బెజవాడ వైపు కార్లో వెళ్లేవాళ్లకు పంతంగి టోల్ ప్లాజా గురించి వేరే చెప్పక్కర్లేదు. ఒకప్పుడు అక్కడ చిల్లర కోసం వెతుకులాటకే బోలెడు సమయం పోయేది. 2021 ఫిబ్రవరిలో జాతీయ రహదారుల మీద ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక టోల్ కట్టే పని యంత్రాలకు అప్పజెప్పాం.

కారు అద్దానికి అంటించే ఆ ఫాస్టాగ్ స్టిక్కర్‌లో బ్యాటరీ ఉండదు. ఓ చిప్పు, సన్నటి యాంటెనా, అంతే. లేన్ దగ్గర అమర్చిన రీడర్ రేడియో తరంగాలు పంపుతుంది. ఆ తరంగాల శక్తినే వాడుకుని చిప్పు తన నంబరు చెబుతుంది. ఆ నంబరు జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ నడిపే వ్యవస్థ ద్వారా మీ బ్యాంకుకు చేరి, ఖాతాలోంచి రుసుము కోతపడుతుంది. స్టిక్కర్‌లో డబ్బేమీ ఉండదు. అద్దాలు తుడిచే పిల్లలు చేతి వాచీతో స్కాన్ చేసి సొమ్ము కాజేస్తున్నారంటూ 2022లో ఓ వీడియో తెగ తిరిగింది. అది ఉత్త కల్పన. నమోదైన టోల్ ప్లాజాల వంటివాటికి తప్ప దారినపోయే మనిషికి ఆ చెల్లింపు అందదు. పాపం, ఆ పిల్లల మీద లేనిపోని నింద!

గేటు లేవకపోతే తప్పు చాలాసార్లు మన వైపే ఉంటుంది. బ్యాలెన్స్ ఉండదు, లేదా కేవైసీ పూర్తిచేసి ఉండం. 2025 నవంబరు 15న అమల్లోకి వచ్చిన నిబంధన, ట్యాగ్ పనిచేయకపోతే నగదుకు రెట్టింపు, యూపీఐకి ఒకటింబావు రెట్లు రుసుము కట్టాలని చెప్పింది. పండక్కి బయల్దేరే ముందురోజే బ్యాలెన్స్ చూసుకోండి. దారిలో ఇబ్బంది వస్తే జాతీయ రహదారుల సహాయ నంబరు 1033.