నోరు మానుకున్న పురుగులు



మా జంతుశాస్త్రం మాస్టారు మా చేత వానపామును కోయించి, నోటి నుంచి పేగు కొస దాకా పిన్నులు గుచ్చి చూపించమనేవారు. ఆయన స్మారక సభలో పేగే లేని వానపాము చుట్టాల గురించి మాట్లాడదామని కావాలనే ఎంచుకున్నాను.

1977లో గలాపగోస్ దీవుల దగ్గర, రెండున్నర కిలోమీటర్ల లోతున, వేడినీటి ఊటల పక్కన ఆల్విన్ జలాంతర్గామిలో దిగినవాళ్లకు నిలువెత్తు గొట్టాల్లోంచి ఎర్రటి కుచ్చులు చాచిన పురుగులు కనిపించాయి. వాటికి తర్వాత రిఫ్టియా అని పేరు పెట్టారు. ఎదిగిన పురుగుకు నోరు లేదు, పేగు లేదు. మరి ఏం తిని బతుకుతోంది? 1980లో హార్వర్డులో మెరెడిత్ జోన్స్ అనే శాస్త్రవేత్త దీని గురించి ఉపన్యసిస్తూ, ఒంట్లో గంధకం స్ఫటికాలు దొరికాయన్నారు. శ్రోతల్లో కొలీన్ కావనా అనే పరిశోధక విద్యార్థిని లేచి, అయితే లోపల గంధకంతో బతికే బాక్టీరియా ఉండి తీరాలంది. మరుసటి ఏడు రుజువులు ప్రచురించింది. గ్రాము కణజాలంలో వందల కోట్ల బాక్టీరియా! హైడ్రోజన్ సల్ఫైడ్ మనకు విషం. ఈ పురుగు హిమోగ్లోబిన్ మాత్రం ఆక్సిజన్‌ను ఒకచోట, సల్ఫైడ్‌ను మరోచోట పట్టుకుని రెండింటినీ బాక్టీరియాకు మోసుకెళ్తుంది.

2022లో రిఫ్టియా జీనోమ్ వెలువడ్డాక పురుగు లాభనష్టాల లెక్క తేలింది. హిమోగ్లోబిన్ జన్యువులు పెరిగాయి. మొత్తం మీద మాత్రం పెరిగిన జన్యు కుటుంబాల కంటే తరిగినవే ఎక్కువ. వండిపెట్టేవాళ్లు ఇంట్లోనే ఉంటే పొయ్యి ఎందుకు?

ఇంతకూ బాక్టీరియా ఏం పోగొట్టుకుంది? చెప్పుకోదగ్గదేమీ లేదు. పాఠ్యపుస్తకాలు దీన్ని ఇచ్చిపుచ్చుకోవడమంటాయి గానీ, రెండు జీనోములూ పక్కపక్కన పెట్టి చూస్తే తాకట్టు పడింది పురుగేనని నాకనిపిస్తుంది. రిఫ్టియా పిల్లకు మొదట్లో నోరూ పేగూ ఉంటాయి, బాక్టీరియా ఉండదు. సముద్రంలోని బాక్టీరియా చర్మం గుండా చొరబడ్డాకే పేగు అంతరిస్తుంది. పురుగు చచ్చాక బాక్టీరియా మళ్లీ నీళ్లలోకి వెళ్లిపోతుంది. బయట బతకాలి కాబట్టి ఈదడానికి, దారి పట్టడానికి కావలసిన జన్యువులన్నీ దాచుకుంది. బఠానీ మొక్కల పేనుబంకలో ఉండే బుక్నేరా అనే బాక్టీరియాకు ఆ అవసరం లేదు; అది తల్లి నుంచి పిల్లకే పోతుంది. అందుకే దాని జీనోమ్ 6.4 లక్షల బేస్ జతలకు కుదించుకుపోయింది. దాని చుట్టం ఈ.కోలైకి 46 లక్షలు.

తల్లి నుంచి వస్తే చాలు, కుదించుకుపోవలసిందేనా? ఇటలీలోని ఎల్బా దీవి ఇసుకలో దారప్పోగులాంటి ఒలావియస్ అనే పురుగుంది. నోరు, పేగు, విసర్జనాంగాలు ఏవీ లేవు. దాని చర్మం కింద ఒక బాక్టీరియా సల్ఫేటును సల్ఫైడ్ చేస్తుంటే, ఇంకొకటి ఆ సల్ఫైడ్‌తోనే బతుకుతుంది. పురుగు వ్యర్థాలనూ అవే తినేస్తాయి. గుడ్డు పెట్టేటప్పుడు తల్లి వాటిని పిల్లకు అంటిస్తుంది. అయినా వాటి జీనోములు బుక్నేరాలా చిక్కిపోలేదు.

ఇక మళ్లీ పురుగుల జీనోముల సంగతికి వస్తే, ఒసెడాక్స్ అనే పురుగుంది. 2002లో మాంటెరే అఖాతం అడుగున తిమింగలం ఎముకల మీద దొరికింది. రిఫ్టియా కుటుంబమే, బాక్టీరియాను తెచ్చుకునేది బయటి నుంచే. అయినా దాని జీనోమ్ రిఫ్టియాలో సగమే. జన్యువులు ఎన్నో రాలిపోయాయి, ఎముకలోని కొల్లాజెన్‌ను విరగ్గొట్టగల ఎంజైముల జన్యువులు పెరిగాయి. కుటుంబం ఒకటే, బాక్టీరియా వచ్చే దారీ ఒకటే, తిండి వేరు. పురుగు జీనోమ్‌ను మలిచేది ఏదంటే, నా ఓటు తిండికే.