కలిపేశాక రైతు పేరు ఉండదు
(మండల రైతు సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



వైన్ ద్రాక్ష గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. తాగమని చెప్పడానికి రాలేదు. పండించినవాడికి ధర ఎందుకు రాదో చెప్పడానికి ఆ పంట మంచి ఉదాహరణ.

షెనిన్ బ్లాంక్ అనే తెల్లద్రాక్ష ఉంది. పుట్టిల్లు ఫ్రాన్స్‌లోని లువార్ నది లోయ. వందల ఏళ్ల కిందటే దక్షిణాఫ్రికా చేరింది. అక్కడ దాన్ని స్టీన్ అన్నారు. రెండూ ఒకటేనని 1960ల్లో గానీ తేలలేదు. ఇప్పుడు ఫ్రాన్స్‌లో కంటే అక్కడే దాని సాగు ఎక్కువ. మన పక్కన నాసిక్‌లోనూ వేస్తున్నారు.

దిగుబడి బాగుంటుంది. ఎండలు ముదిరినా కాయలో పులుపు నిలుస్తుంది. ఆ మంచి గుణమే రైతుకు చేటయింది. చప్పగా ఉన్న రసానికి పులుపు కోసం దీన్ని కలిపారు, లేదంటే కాచి బ్రాందీ చేశారు. సీసా మీద ద్రాక్ష పేరు లేదు, తోట పేరు లేదు. రైతుకు లెక్క టన్నుల్లోనే. తీగ ముదిరితే కాపు తగ్గుతుంది, టన్నుకు ధర మాత్రం అంతే. అందుకే రైతులు ముసలి తోటలు పీకేశారు.

అదే ద్రాక్షకు ఫ్రాన్స్‌లో వేరే దారి దొరికింది. వూవ్రే అనే ప్రాంతం పేరుకు 1936లో చట్టం రక్షణ ఇచ్చింది. బయటి ఊళ్ల ద్రాక్షతో చేసి ఆ పేరు పెట్టడానికి వీల్లేదు. పేరు నేలకు కట్టుబడింది, వ్యాపారికి కాదు.

దక్షిణాఫ్రికాలోనూ ఆలస్యంగా కదిలారు. 35 ఏళ్లు దాటిన తోటల వైన్‌కు, నాటిన సంవత్సరంతో సహా ముద్ర వేస్తున్నారు. పీకేయాల్సిన తోటకే విలువ వచ్చింది. కలపడం తప్పు కాదు. ఏం కలిపారో చెప్పకపోవడం తప్పు. ఒక ద్రాక్ష పేరు వేసి అమ్మాలంటే సీసాలో కనీసం 85 శాతం అదే ఉండాలని అక్కడి నిబంధన.

ఒక్క మాట మరవొద్దు. పేరు వస్తే సరిపోదు. 2012లో అక్కడి ద్రాక్షతోటల కూలీలు డి డోర్న్స్‌లో సమ్మెకు దిగారు. రోజుకు 69 ర్యాండ్లున్న కనీస కూలి 2013లో 105 అయింది. పోరాడితేనే వచ్చింది.

ఇక మన సంగతి. సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, మన బాపట్లలో పుట్టిన వంగడం. మన వడ్లు మిల్లుకెళ్లి నాలుగూళ్ల వడ్లలో కలుస్తాయి. బస్తా మీద మిల్లు బ్రాండే ఉంటుంది. మన ఊరు ఉండదు, మనం ఉండం.

అందుకే మూడు పనులు చేద్దాం. తూకం చీటీ మీద వంగడం పేరు రాయించుకుందాం. ఊరి పంటను వేరుగా నిల్వ చేసి కలిసికట్టుగా అమ్ముదాం. పెరిగిన ధరలో కూలీల వాటా ముందే మాట్లాడుకుందాం. తూకం చీటీ పని ఈ కోతల నుంచే మొదలుపెడదాం.