న్యాయం ఉంటేనే మమకారం

సీతంపేట ఏజెన్సీలో బస్సు దిగి, కొండదారి పట్టి, నడిచి బడికెళ్లే మాస్టార్లు ఉన్నారు. 2022 దాకా సీతంపేట శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. ఇలా సరైన రోడ్డు లేని నాలుగో కేటగిరీ బడిలో ఏడాది పనిచేస్తే బదిలీలో 5 పాయింట్లు, పట్నం బడిలో ఒక్కటే. 2025లో ఆంధ్రప్రదేశ్ ఈ బదిలీలకు చట్టమే తెచ్చింది.

సిఫారసుతో కాకుండా అందరికీ కనిపించే జాబితాతో బదిలీ జరిగితే టీచరుకు ధీమా. ధీమా ఉన్న మాస్టారు సవర గిరిజన పిల్లల మాట నాలుగు ముక్కలు నేర్చుకుంటారు, మానేసిన పిల్లల ఇళ్లకు వెళ్తారు. జీతం ఆలస్యమైనా, పాఠానికి మించి యాప్‌ల పని పెరిగినా ఆ మమకారం సన్నగిల్లుతుంది. అంకితభావం ఉండాలని అడిగే ముందు న్యాయమైన పరిస్థితులు కల్పించాలి.