పెన్ను పోలేదు

 

మన బాపట్ల పక్కనే స్టూవర్టుపురం. ఆ పేరు వినగానే నవ్వుతూ జేబులు తడుముకునేవాళ్లం. ఆ ఊరెలా పుట్టిందో మనకు తెలియదు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను అక్కడ చేర్చి, నిర్వహణ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేనిదే పొలిమేర దాటకూడదు. ఆ చట్టానికి పుట్టుకే నేరం. 1952 నాటికి దేశమంతటా చట్టం రద్దయింది, ఊరి పేరు మీది మచ్చ మాత్రం పోలేదు.

ఎనిమిదో తరగతిలో నా పక్కన కూర్చునే అబ్బాయిది ఆ ఊరే. ప్యాసింజరు బండిలో వచ్చేవాడు. ఒకరోజు నా పెన్ను కనబడలేదు. క్లాసంతా వాడి వైపు చూసింది. ఎవరూ అడక్కుండానే వాడు లేచి సంచీ బోర్లించాడు. సాయంత్రం పెన్ను మా ఇంట్లోనే దొరికింది. మర్నాడు నేను నోరు విప్పలేదు. పై సంవత్సరం వాడు బడికి రాలేదు.

ఈ స్వర్ణోత్సవ వేళ ఆ మాట చెబుతున్నాను: ఒరేయ్, పెన్ను పోలేదురా. తప్పు నాది.

మాస్టార్లకు ఒక్క మనవి. ఆ ఊరి చరిత్ర పిల్లలకు చెప్పండి.